పిల్లల బస్సును ఆపిన పెద్దలకు

గౌరవనీయులైన మన తెలుగు సంఘం అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ధర్మకర్తలకు,



వసంత సెలవుల్లో మన యువజన విభాగం పిల్లలు తలపెట్టిన బస్సు యాత్రను రద్దు చేస్తూ మీరు సభ్యులకు పంపిన ప్రకటన చదివాను. అట్లాంటాలో బయల్దేరి అలబామా, మిసిసిపి, టెనెసీల మీదుగా పౌరహక్కుల పోరాటం జరిగిన ఊళ్ళు, బ్లూస్ పాట పుట్టిన పల్లెలు చూసి రావాలన్నది వాళ్ళ ఆలోచన. దారి పటం వాళ్ళే గీసుకున్నారు. ఖర్చు లెక్కలు వాళ్ళే వేసుకున్నారు. ఏ ఊళ్ళో దిగేముందు ఎవరు ఏం చదివి మిగతావాళ్ళకు చెప్పాలో కూడా పంచుకున్నారు. మీరు మూడు వాక్యాల్లో కొట్టేశారు. అది మన సంస్కృతికి సంబంధించిన అంశం కాదన్నారు. రాజకీయ వివాదాలకు సంఘం దూరంగా ఉండాలన్నారు. పిల్లల వయసుకు అది మోయలేని బరువన్నారు. యాత్ర నిధిని ఉగాది సినీ సంగీత విభావరికి మళ్ళించిన సంగతి మాత్రం అడుగున, అంతదాకా ఎవరు చదువుతారులే అన్న ధీమాతో చేర్చారు.

సంస్కృతి మాట దగ్గరే మొదలుపెడతాను. మీ కార్యవర్గం కూర్చుని తీర్మానం చేసిన ఊరు కమ్మింగ్. ఫోర్సైత్ కౌంటీకి ముఖ్యపట్టణం. బడులు బాగుంటాయని, ఇళ్ళు విశాలంగా దొరుకుతాయని మన కుటుంబాలు వేల సంఖ్యలో ఈ కౌంటీని వెతుక్కుంటూ వచ్చాయి. 1912 సెప్టెంబరులో ఇక్కడ ఒక తెల్లజాతి యువతి హత్యకు గురైంది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి మనిషిని ఇదే కమ్మింగ్ జైల్లోంచి ఈడ్చుకొచ్చి, చంపి, ఊరి నడిబొడ్డున స్తంభానికి వేలాడదీశారు. తర్వాతి నెల 16, 18 ఏళ్ళ కుర్రాళ్ళిద్దరిని ఉరితీశారు. అంతటితో ఆగలేదు. రాత్రుళ్ళు గుర్రాల మీద తిరిగి, ఇళ్ళకూ చర్చిలకూ నిప్పుపెట్టి, కౌంటీలో ఉన్న దాదాపు 1,100 మంది నల్లవాళ్ళను పిల్లాజెల్లాతో సహా తరిమేశారు. 1987 జనవరిలో ఆ 75 ఏళ్ళ నిషేధాన్ని ప్రశ్నిస్తూ కొద్దిమంది శాంతియాత్రగా వస్తే రాళ్ళతో కొట్టారు. మరుసటి వారం దాదాపు 20,000 మంది తరలివచ్చి నడిచారు. 1987 ఎప్పటి మాట? మీలో కొందరు అప్పటికే ఈ దేశంలో ఉద్యోగాలు చేస్తున్నారు.

ఇల్లు కొనేటప్పుడు ఈశాన్యం మూల చూసుకున్నాం. బడికి వచ్చిన మార్కులు చూసుకున్నాం. ఆ నేల ఎవరి చేతుల్లోంచి ఎలా జారిపోయిందో చూసుకోలేదు. కొనేటప్పుడు మనకు తెలియదు, సరే. ఇప్పుడు పిల్లలు తెలుసుకుంటామంటే, అది మన సంస్కృతి కాదని చెప్పే హక్కు మీకెవరిచ్చారు? మనం నీళ్ళు తాగే ఊరి కథ మనది కాకపోతే మన కథ ఎక్కడ మొదలవుతుంది, హార్ట్స్‌ఫీల్డ్ విమానాశ్రయం ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరా?

ఆ కౌంటరు సంగతే చూద్దాం. 1923లో భగత్ సింగ్ థింద్ అనే మన దేశస్థుడు, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగితే నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది ఇక్కడి సుప్రీంకోర్టు. 1946లో కాస్త తలుపు తీశారు. ఎంత? భారతదేశం మొత్తానికి ఏడాదికి 100 మంది. ఇవాళ మన ఉగాది పంక్తిలో ఒక వరుసకు అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు. 1965 మార్చి 7న సెల్మాలో, ఎడ్మండ్ పెటస్ వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్న దాదాపు 600 మందిని పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదారు. 25 ఏళ్ళ జాన్ లూయిస్ పుర్రె పగిలింది. అదే నెల మళ్ళీ బయల్దేరి 54 మైళ్ళు నడిచి మాంట్‌గోమరీ చేరారు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరు 3న, అదే కాంగ్రెస్ ఆమోదించగా అదే అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో కొత్త వలస చట్టం వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని తూచే పాత కోటాలు పోయాయి. మన తొలి తరం డాక్టర్లు, ఇంజినీర్లు దిగింది ఆ దారిలోనే. సంఘాల వ్యవస్థాపకులంటూ ఏటా శాలువాలు కప్పుతున్నామే, వాళ్ళ వీసాల వెనక ఆ వంతెన మీద పడిన దెబ్బలున్నాయి. బస్సు అక్కడ ఆగి, పిల్లలు దాని మీద ఒకసారి నడిస్తే మన సంస్కృతికి వచ్చే లోటేమిటి?

బ్లూస్ విషయానికి వస్తాను, ఎందుకంటే మీ చర్చలో ఎక్కువ ఎగతాళికి గురైంది అదేనని విన్నాను. తాగుబోతుల పాటల కోసం పత్తి పొలాల్లో తిరగడమేమిటని ఒక పెద్దాయన అన్నారట. ఆ పత్తి పొలం సంగతి మనకు తెలియనిదా? భూమి దొరది. విత్తనం, కంచరగాడిద, తిండిగింజలకు అప్పు, అన్నీ దొర దుకాణం నుంచే. పండిన పత్తిలో సగం దొరకు. మిగతా సగంలోంచి అప్పు కోసుకుంటే, ఏడాది చివర లెక్కలు చూసే రోజున కూలివాడు మళ్ళీ బాకీనే. లెక్క రాసేది దొర గుమాస్తా, అడిగితే తన్నులు. నల్గొండ, వరంగల్ పల్లెల్లో వెట్టి కథలు, జీతగాళ్ళ కథలు వింటూ పెరిగినవాళ్ళు మీలోనే ఉన్నారు. పశులు గాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాటను మన వేదిక మీద పాడించి, చప్పట్లు కొట్టి, కళ్ళు తుడుచుకుంటాం. అదే దుఃఖాన్ని డాకరీ తోటలో గిటారు మీద పలికించిన చార్లీ ప్యాటన్ మాత్రం తాగుబోతయ్యాడా? ఆయన తాగేవాడే. మన వేదికలెక్కిన మహాగాయకుల్లో తాగనివాళ్ళ జాబితా రాయమంటే మీరు రాయగలరా?

పైగా బ్లూస్ అంటే ఉత్త ఏడుపు కాదు. వెక్కిరింత ఉంటుంది, సరసం ఉంటుంది, దొర పక్కనే నిలబడి విన్నా అంతుపట్టని ద్వంద్వార్థం ఉంటుంది. మన ఊళ్ళలో నాట్లేసేటప్పుడు ఆడవాళ్ళు ఆసామిని దెప్పుతూ పాడే పాటలు గుర్తున్నవాళ్ళకు ఇదేమీ వింత కాదు.

మిసిసిపి డెల్టాలో పాటనూ పోరాటాన్నీ విడదీసి చూడటం కుదరదు. పిల్లలు గీసిన పటంలో నాకు బాగా నచ్చింది ఆ భాగమే. టట్‌వైలర్ అనే చిన్న ఊరుంది. 1903 ప్రాంతంలో అక్కడి రైలు స్టేషనులో డబ్ల్యు.సి. హ్యాండీ అనే సంగీతకారుడు కునికిపాట్లు పడుతుంటే, ఎవరో పేరు తెలియని మనిషి గిటారు తీగల మీద కత్తి ఆనించి వాయిస్తూ పాడాడట. బ్లూస్ చరిత్ర చెప్పేవాళ్ళందరూ తలుచుకునే ఘట్టమది. 1955లో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ళ షికాగో పిల్లవాడిని చంపి నదిలో పారేస్తే, ఆ శవాన్ని ఊరికి పంపేముందు సిద్ధం చేసింది అదే టట్‌వైలర్‌లో. తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచమంది, నా కొడుకును ఏం చేశారో లోకం చూడాలంది. పక్కనే సమ్నర్ కోర్టులో, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ గంట పైచిలుకులో హంతకులను వదిలేసింది. ఎమెట్ శవం దొరికిన చోటుకు గుర్తుగా పెట్టిన బోర్డును మన కాలంలోనే తుపాకులతో మళ్ళీ మళ్ళీ కాల్చారు. 2019లో తూటాలకు తట్టుకునే బోర్డు పెట్టవలసి వచ్చింది. ఆ పిల్లవాడు బంధువుల ఇంటికి వచ్చి అడుగుపెట్టిన దుకాణం మనీ అనే ఊళ్ళో ఉంది. ఆ మనీ రోడ్డు మీదే, కొద్ది మైళ్ళ దూరంలో, బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ సమాధి అని చూపించే చర్చి ఉంది.

ఇండియనోలా చూడండి. నల్లపిల్లలు తెల్లపిల్లల బడిలో కూర్చోవచ్చని 1954 మేలో సుప్రీంకోర్టు తీర్పిస్తే, దాన్ని అడ్డుకోవడానికి ఊరి పెద్దమనుషులు, బ్యాంకర్లు, వ్యాపారులు కలిసి రెండు నెలల్లో సిటిజన్స్ కౌన్సిల్ పెట్టుకున్నది ఆ ఊళ్ళోనే. బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ కుర్రతనంలో వీధి మూల నిలబడి చిల్లర కోసం పాడింది ఆ ఊళ్ళోనే. ఆయన పనిచేసిన పత్తి మిల్లు ఇవాళ ఆయన మ్యూజియంలో భాగం. 1962 ఆగస్టు 31న ఫానీ లూ హేమర్ అనే తోటకూలీ మరో 17 మందితో కలిసి ఓటరుగా నమోదు చేసుకోవడానికి వచ్చింది కూడా ఆ ఊరి కోర్టుకే. వాళ్ళు వచ్చినదీ బస్సులోనే. తిరుగు దారిలో పోలీసులు ఆపి, బస్సు మరీ పసుప్పచ్చగా స్కూలు బస్సులా ఉందని డ్రైవరుకు జరిమానా వేశారు. బెదిరిపోయినవాళ్ళకు ధైర్యం చెబుతూ ఆమె పాట అందుకుంది. ఆ రాత్రికే, 18 ఏళ్ళు చాకిరీ చేసిన తోటలోంచి దొర వెళ్ళగొట్టాడు. మరుసటి ఏడాది వినోనా జైల్లో ఆమెను కొట్టిన దెబ్బలకు కలిగిన నష్టం జీవితాంతం ఉండిపోయింది. చుట్టూ పత్తిచేలున్న రూల్‌విల్‌లో ఆమె సమాధి ఉంది.

ఆ దారిలోనే పార్చ్‌మన్ జైలు. సన్ హౌస్, బుకా వైట్ అనే బ్లూస్ గాయకులు అక్కడ శిక్ష అనుభవించారు. 1961లో, బస్సుల్లో నల్లా తెల్లా పక్కపక్కన కూర్చుని ప్రయాణించిన నేరానికి 300 మందికి పైగా ఫ్రీడమ్ రైడర్లను అక్కడికే తెచ్చారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. పాటలు ఆపమంటే ఆపలేదని వాళ్ళ పరుపులు లాగేసుకున్నారు.

పిల్లల పథకంలో లోపం లేదని నేననడం లేదు. క్లార్క్స్‌డేల్‌లో 61, 49 హైవేలు కలిసే కూడలి దగ్గర ఫొటోల కోసం కేటాయించిన గంట దండగ. రాబర్ట్ జాన్సన్ సైతానుకు ఆత్మ అమ్ముకున్నాడన్న కట్టుకథ పర్యాటకులకు అమ్ముడుపోయే సరుకు, అంతకు మించి ఏమీ లేదు. ఆ గంటను అదే ఊరి శివార్లలోని హాప్సన్ తోటలో గడపమని చెబుతాను. 1944లో విత్తనం నుంచి బేలు కట్టేదాకా పత్తి పంటను యంత్రాలతోనే తీయవచ్చని చూపించింది అక్కడే. ఆ యంత్రం వచ్చాక తోటకూలీతో పని తీరిపోయింది. స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడిపిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ అంతకు ముందు ఏడాదే రైలెక్కి షికాగో వెళ్ళాడు. అతని వెనక లక్షలమంది వెళ్ళారు. మహబూబ్‌నగర్ వలసల గురించి వినివున్న పిల్లలు దీన్ని సైతాను కథకంటే త్వరగా అందుకుంటారు. ఇలాంటి సవరణలు చెప్పడం పెద్దల పని. మీరు ఆ పని చేశారా?

డెల్టా క్షేమం కాదని కూడా కొందరు గొణిగారు. బీదరికం నిజమే, కాదనను. కానీ అక్కడి చిన్న పట్టణాల్లో పనిచేయడానికి అమెరికన్ డాక్టర్లు ముందుకు రారు కాబట్టే, జె-1 వీసా మీద ఉన్న విదేశీ డాక్టర్లకు అలాంటి చోట్ల కొన్నేళ్ళు పనిచేస్తే ఇక్కడే ఉండిపోయే వెసులుబాటు ఇస్తున్నారు. ఆ వెసులుబాటుతో స్థిరపడినవాళ్ళు మన సంఘాల దాతల్లో ఎందరున్నారో మీకు తెలుసు. గ్రీన్‌కార్డుకు పనికొచ్చిన ఊరు పగటిపూట మూడు గంటలు బస్సాపడానికి పనికిరాదా?

ఇక వయసు. క్లాడెట్ కోల్విన్ మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనని అరెస్టయ్యేనాటికి 15 ఏళ్ళది, రోసా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు. 1963 మేలో బర్మింగ్‌హామ్‌లో నీళ్ళ ఫిరంగులకూ పోలీసు కుక్కలకూ ఎదురెళ్ళినవాళ్ళు వందలాదిమంది బడిపిల్లలు. ఆ సెప్టెంబరులో 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబుకు బలైన నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురికి 14, ఒకరికి 11. ఆ వయసు పిల్లలు బతకవలసి వచ్చిన చరిత్రను అదే వయసు పిల్లలు అద్దాల వెనక నుంచి చూడటం బరువా? మన బడిపిల్లలకు ఐఐటీ పాఠాలు ఆరో తరగతిలోనే మొదలుపెట్టే మనం, వయసు గురించి మాట్లాడటానికి కాస్త జంకాలి.

రాజకీయాలు వద్దన్నారు. పన్ను మినహాయింపు పొందిన సంస్థలు అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదంటుంది చట్టం. చరిత్ర చదవకూడదని ఎక్కడా లేదు. అసలు మన వేదికల మీద రాజకీయం లేనిదెప్పుడు? తెలుగు రాష్ట్రాల మంత్రులకూ ఎమ్మెల్యేలకూ ముందు వరుస సోఫాలు వేసేది ఎవరు? ఒక సంఘం రెండై, రెండు నాలుగైనప్పుడు చీలిక ఏ గీత వెంట వచ్చిందో మీ పెద్దలకు తెలియదా?

ఆ గీత పేరు కులం. రద్దుకు అసలు కారణం అక్కడే ఉందని నా అనుమానం. పిల్లల సన్నాహక సమావేశంలో ఒకమ్మాయి, నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేర్వేరుగా పెట్టిన నీటి కుళాయిల ఫొటో చూశాక, అమ్మమ్మగారి ఊరి హోటల్లో కూడా రెండు రకాల గ్లాసులుండేవటగదా అని అడిగింది. గదిలో ఉన్న పెద్దవాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ వారంలోనే మీ ప్రకటన వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ ఇది? 1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశం వచ్చినప్పుడు కేరళలోని ఒక బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను దళిత పిల్లలకు అమెరికా నుంచి వచ్చిన తోటి అస్పృశ్యుడిగా పరిచయం చేశారు. మొదట ఉలిక్కిపడినా, ఆలోచించి, ఆ మాట నిజమేనని ఒప్పుకున్నానని కింగే తర్వాత తన ప్రసంగంలో చెప్పుకున్నారు. ఎమెట్ టిల్ కథ విన్న పిల్లలు దళితులను ఊచకోత కోసిన కారంచేడు గురించి, చుండూరు గురించి అడుగుతారు. అడగనివ్వండి. 1985లో, 1991లో మీలో చాలామంది అక్కడే, చుట్టుపక్కల కాలేజీల్లోనే ఉన్నారు. మీకంటే బాగా జవాబు చెప్పగలవాళ్ళెవరు?

ఈ సంబంధాలు నేను కొత్తగా అల్లుతున్నవి కావు. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగులోకి తెస్తే, పల్లెటూరి గ్రంథాలయాల్లో కూడా కుంటా కింటే పేరు మారుమోగింది. ఆ పుస్తకం చదివిన తరం మనదే. హైదరాబాదు మిత్రులతో 'మ్యాన్‌కైండ్' పత్రిక నడిపిన రామ్మనోహర్ లోహియా, 1964 మేలో, అప్పటికి పార్లమెంటు సభ్యుడై ఉండి, మిసిసిపి రాజధాని జాక్సన్‌లో తెల్లవాళ్ళకే పరిమితమైన ఫలహారశాలలోకి వెళ్ళబోయి అరెస్టయ్యారు. అది రాజకీయమని ఆయన వెనక్కి తిరిగి రాలేదు.

యాత్రలో చివరి ఊరు మెంఫిస్. 1968 ఫిబ్రవరిలో చెత్తబండి యంత్రంలో పడి ఇద్దరు కార్మికులు నలిగిపోతే, 1,300 మంది పారిశుద్ధ్య కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ళకు మద్దతుగా కింగ్‌ను పిలిచినవారు జేమ్స్ లాసన్. ఈయన 1950లలో నాగపూర్‌లో ఉండి గాంధీ మార్గాన్ని చదువుకుని వెళ్ళిన పాస్టర్. ఏప్రిల్ 4న లొరేన్ మోటెల్ బాల్కనీలో కింగ్‌ను కాల్చి చంపారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, మరో పౌరహక్కుల చట్టం మీద సంతకం పడింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథాలో, బార్‌లో స్నేహితుడితో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లను మా దేశం వదిలి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. మీరు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. మీ పక్కన మేమూ నిలబడ్డాం. జాతిని చూసి, పుట్టిన దేశాన్ని చూసి చంపినందుకు ఫెడరల్ కోర్టు ఆ హంతకుడికి యావజ్జీవ శిక్ష వేసింది, 1968 నాటి ఆ చట్టంలోని సెక్షన్ కింద. మన పిల్లవాడికి దక్కిన ఆ కాస్త న్యాయమూ మెంఫిస్ మీదుగా వచ్చినదే. దాన్ని మన సంస్కృతికి సంబంధం లేని అంశమని రాయడానికి మీ చెయ్యి ఎలా ఆడింది?

కనుక సంఘం జీవిత సభ్యురాలిగా అడుగుతున్నాను. ఈ తీర్మానానికి ఎవరు అనుకూలంగా, ఎవరు వ్యతిరేకంగా చేయెత్తారో ఆ సమావేశపు మినిట్స్ సభ్యులకు పంపండి. దాతలు యువజన విభాగానికని ఇచ్చిన సొమ్మును విభావరికి మళ్ళించే అధికారం నిబంధనావళిలో ఎక్కడుందో చూపించండి. యాత్ర తలపెట్టిన పిల్లలను ఒకసారైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని వినండి. ఇప్పటివరకూ వాళ్ళతో మీలో ఒక్కరూ మాట్లాడలేదు. బస్సుకు అడ్వాన్సు కట్టవలసిన గడువు నెలాఖరుతో ముగుస్తుంది. అంతకుముందే సర్వసభ్య సమావేశం పెట్టి ఈ విషయాన్ని ఓటుకు పెట్టండి. మీరు పెట్టకపోతే, తగినన్ని సంతకాలతో ఆ సమావేశాన్ని కోరే హక్కు నిబంధనావళి సభ్యులకే ఇచ్చింది. సంతకాలు మొదలయ్యాయి.

ఇట్లు,
ఒక జీవిత సభ్యురాలు,
కమ్మింగ్, జార్జియా